బడిభోజనము – పడవబాడుగ

మా యూరు మైపాడునకు సమీపమున సముద్రపుటొడ్డున నున్నది. మధ్యాహ్నము పండ్రెండుగంటలు దాటగానే మా వీధిలోని ప్రభుత్వ పాఠశాలనుండి పళ్ళెముల చప్పుడు వినవచ్చును. అన్నము, పప్పు, కూర, వారమునకు ఐదు కోడిగ్రుడ్లు. పిల్లలు వరుసలుగా కూర్చుండి తిందురు. ఎవ్వరును కానియైన చెల్లింప నక్కరలేదు. ఈ దృశ్యము మనకెంత యలవాటైనదనగా దానిని చూచి సంతోషించుటయే మానివేసితిమి. నేనును అట్లే యుంటిని. రెండేండ్లక్రిందట అమెరికాలో మా అమ్మాయి యింట ఆరునెలలుండి వచ్చిన పిమ్మటనే ఆ చప్పుడు నా చెవికి క్రొత్తగా సోకినది.

అక్కడ మా మనుమడు చదువుచున్నదియు ప్రభుత్వపు బడియే. చదువునకు రుసుము లేదు. భోజనమునకు మాత్రము వెల కలదు. పిల్లవాడు డబ్బు చేతపట్టుకొని పోడు. వానికొక అంకె యిచ్చియుందురు. భోజనశాలలో పళ్ళెము తీసుకొని ఆ అంకె నొక్కినచో, వాని పేరిట నున్న ఖాతానుండి ఆ పూట వెల తరిగిపోవును. ఖాతాలో సొమ్ము తక్కువైనపుడు తల్లిదండ్రులు ఫోనుద్వారా మరల వేయవలెను. ఏర్పాటు చక్కనిదే. చిల్లర పారవేసికొనుట యుండదు. పెద్దపిల్లలు లాగుకొందురన్న భయమును లేదు.

ఒక ఆదివారము సాయంకాలము మా అమ్మాయి ఆ వారమునకు 15 డాలర్లు వేయుచుండగా ప్రక్కన కూర్చుండి చూచితిని. చివరి పుటలో 15 కాదు, 17 పైచిలుకు కనబడినది.

“ఈ పైరెండు డాలర్లు ఎవరికే?” అంటిని.

“అది రుసుము అమ్మా. ప్రతిసారి ఉండేదే,” అన్నది.

“నెలకు సరిపడ ఒక్కసారే వేయరాదా?”

“ఇంటిబాడుగ, కారు వాయిదా పోయినాక ఒక్కసారిగా అరవై డాలర్లు వేయడానికి చేయి ఆడదమ్మా,” అన్నది.

నాకు ఇంటిలెక్క వ్రాయు నలవాటు చిన్ననాటినుండియు కలదు. ఆ రాత్రి కాగితము తీసికొని కూర్చుంటిని. సగటు లెక్క యిప్పుడు తెలిసియున్నది కావున దానితోనే చెప్పెదను. అమెరికాలోని వినియోగదారుల ఆర్థికరక్షణ సంస్థవారు 2024 జూలైలో ఒక నివేదిక ప్రకటించిరి. ఆ దేశమున మిక్కిలి పెద్దవైన 300 బడిజిల్లాలను గూర్చి వారు విచారించిరి. (అక్కడ బడుల పాలనకొరకు వేరుగా ఏర్పడిన జిల్లాలివి, మన రెవెన్యూ జిల్లాలవంటివి కావు.) ఇట్లు ఖాతాలో సొమ్ము వేయునపుడు రుసుము తీసుకొనుచోట్ల అది సగటున ఒక్కొక్కసారికి 2 డాలర్ల 37 సెంట్లని తేల్చిరి. ఇప్పుడు పూటభోజనము 3 డాలర్లనుకొందము. నెలకు 60 డాలర్లు ఒక్కసారే వేసిన తల్లికి రుసుము నూటికి 4 చొప్పున పడును. వారమువారము 15 వేసిన తల్లికి నూటికి దాదాపు 16 పడును. బడి నడచు 36 వారములకు లెక్కకట్టిన మొదటి యామెకు రమారమి 21 డాలర్లు, రెండవ యామెకు 85 డాలర్లు. పిల్లలు తిన్న తిండి యొక్కటే. రెండవ తల్లి అదనముగా పోగొట్టుకొన్న సొమ్ముతో పిల్లవాడు ఇరువదియొక్క పూటలు భుజింపవచ్చును.

మన తీరవాసులకు ఈ సంగతి పడవను తలచుకొన్నచో సులభముగా బోధపడును. రేవు దాటించుటకు మనిషికి ఇంతయని బాడుగ ఏర్పరచినపుడు, గంపెడు చేపలు తీసుకొనిపోవు నామెయు, పిడికెడు రొయ్యలు తీసుకొనిపోవు నామెయు ఒక్కటే యియ్యవలెను. గంపవారికది లెక్కలోనిది కాదు. పిడికెడువారి లాభమంతయు ఆ బాడుగలోనే పోవును. సొమ్మునుబట్టి గాక మారునుబట్టి తీసుకొను ప్రతి రుసుమును ఇట్టిదే. నూనె సీసాతో కొనజాలక చిట్టెడు చిట్టెడుగా తెచ్చుకొను నిల్లాలు ఎక్కువ వెల యిచ్చుట మన మెరిగినదే గదా.

పేదలపట్ల ఈ లెక్క మరింత క్రూరముగా నుండును. అమెరికాలో ఆదాయము తక్కువగా నున్న కుటుంబముల పిల్లలకు ఉచితముగా గాని, తగ్గింపు వెలకు గాని భోజనము పెట్టుదురు. తగ్గింపు వెల పూటకు 40 సెంట్లకు మించరాదని కట్టడి కలదు. అనగా రెండువారములకు 4 డాలర్లు. ఆ 4 డాలర్లు వేయుటకు 2 డాలర్ల 37 సెంట్లు రుసుమైనచో ఏమగును? ప్రతి డాలరు తిండికి 60 సెంట్లు దారిలోనే పోయినవన్నమాట. నివేదికలో చెప్పిన మాటయు నిదియే. ప్రభుత్వము ఒకచేత నిచ్చిన తగ్గింపును వేరొకచేయి తీసుకొనిపోవుచున్నది. అమెరికాలోని తెలుగువారందరును పెద్దజీతగాండ్రని మన మనుకొందుము. పెట్రోలు బంకులలోను, అంగళ్ళలోను గంటకూలికి పనిచేయువారిని, ఒక్క జీతముతో నలుగురు బ్రదుకువారిని నేనక్కడ చూచితిని.

ఈ రుసుమెందుకు పుట్టినదని మీ రడుగవచ్చును. పూర్వము బడివారే నగదును, చెక్కులను తీసుకొని లెక్క వ్రాసుకొనెడివారు. ఆ పని తప్పించుకొనుటకు జిల్లావారు ప్రైవేటు కంపెనీలతో ఒడంబడిక చేసికొనిరి. కార్డుద్వారా సొమ్ము వచ్చునపుడు బ్యాంకులకు కొంత యియ్యవలసిన మాట నిజమే. ఆ ఖర్చును, కంపెనీ లాభమును కలిపి తల్లిదండ్రులపై వేయుట సులభమైన మార్గముగా తోచినది. మైస్కూల్‌బక్స్, స్కూల్‌కెఫే, లింక్ కనెక్ట్ అను మూడును ఈ వ్యాపారమున ముఖ్యమైనవని నివేదిక చెప్పుచున్నది. నాకు ఆక్షేపణ రుసుముపైకంటె వేరొకదానిపై నెక్కువ. బియ్యము ఒక అంగటిలో ప్రియమైన మరియొక అంగటికి పోవుదుము. ఈ కంపెనీని ఎన్నుకొనినది తల్లి కాదు. ఎన్నుకొనినవారు రుసుము చెల్లించువారును కారు. ఇక ధర తగ్గించుమని బేరమాడువా రెవ్వరు?

అయినను తల్లులకు ఒక దారి మొదటినుండియు కలదు. పూటభోజన పథకమును నడపు అమెరికా వ్యవసాయశాఖ, రుసుము లేకుండ సొమ్ము చెల్లించు మార్గ మొక్కటైన ప్రతిచోట నుండవలెననియు, దానిని తల్లిదండ్రులకు తెలుపవలెననియు 2017లో మరల స్పష్టపరచినది. మార్గమున్నను తెలుపనిచోట్లు అనేకములని నివేదికలో కలదు. అటుపిమ్మట 2024 నవంబరులో ఆ శాఖయే, తక్కువ ఆదాయపు కుటుంబములనుండి 2027నుండి ఇట్టి రుసుము తీసుకొనరాదని ప్రకటించినది. కాలిఫోర్నియా, మెయిన్ రాష్ట్రములు 2022లోనే బడిపిల్లలందరికిని ఉచితభోజనము పెట్టసాగినవి గనుక అక్కడ ఈ తంటా చాలవరకు తప్పినది.

ఖాతాలో సొమ్ము లేనిచో పిల్లవాని గతి యేమి? కొన్నిచోట్ల వేడి భోజనమును తీసివైచి చల్లని రొట్టెముక్క చేతబెట్టు వాడుక యుండెను. తోటిపిల్లలయెదుట అట్టి యవమానము కూడదని 2017లో న్యూమెక్సికో రాష్ట్రము అందరికంటె ముందుగా చట్టము చేసినది. ఇది విన్ననాడు నాకు అన్నము సయించలేదు. పెద్దల అప్పునకు పిల్లవాని పళ్ళెము జామీనా?

మన పక్షమున కొంత గర్వపడదగిన చరిత్ర కలదు. మన నెల్లూరుసీమ చెన్నరాజధానిలో నున్న కాలమున, 1920లో, మద్రాసు కార్పొరేషనువారు థౌజండ్ లైట్స్ పేటలోని తమ పాఠశాలలో పిల్లలకు ఫలహారము పెట్ట నిర్ణయించిరి. అప్పటి అధ్యక్షులు పిట్టి త్యాగరాయశెట్టిగారు తెలుగువారే. పిల్లకు దినమునకు అణా మించరాదని వారి తీర్మానము. ఖర్చునకు హద్దు పెట్టిరే గాని ఆ యణాను పిల్లవానినుండి వసూలుచేయ తలపెట్టలేదు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టువారు వండిన భోజనమే పెట్టవలెనని ఆజ్ఞాపించిరి. 2003 జనవరినుండి మన రాష్ట్రమున నది జరుగుచున్నది. 2024లో దానికి అన్నదాత్రి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి.

అట్లని మన యింటికీ గోల లేదనుకొనకుడు. ప్రైవేటు బడులలో పిల్లలను చదివించు సోదరీమణులు ఫీజులను, హాస్టలు భోజనపు సొమ్మును ఫోనుద్వారానే కట్టుచున్నారు. చివరి పుటలో “సౌకర్యపు రుసుము” అను పంక్తిని చూచితిరా? క్రెడిట్ కార్డుతో కట్టిన నొకలెక్క, నెట్ బ్యాంకింగుతో కట్టిన నొకలెక్క. యూపీఐ ద్వారా పుచ్చుకొను సొమ్ముపై వర్తకునినుండి బ్యాంకులు రుసుము తీసుకొనరాదని 2020 జనవరి 1నుండి మన దేశమున నియమము కలదు. కాబట్టి యూపీఐ మార్గమున్నదేమో ముందు చూచుకొనుడు. కనబడనిచో బడిలో అడుగుడు. కట్టవలసిన మొత్తమును, బ్యాంకులో తరిగిన మొత్తమును రెండింటిని పద్దుపుస్తకమున వ్రాసియుంచుడు.

2 డాలర్ల 37 సెంట్లనగా రమారమి 200 రూపాయలు. 1992లో దూబగుంట స్త్రీలు సారా అంగడి మూయించిన పిమ్మట మన జిల్లాలో పొదుపుసంఘములు ప్రబలినవి గదా. దినమునకు రూపాయి చొప్పున దాచిన ఆ తల్లుల లెక్కన నిది ఆరునెలలకు పైబడిన పొదుపు. ఈ మాట మా అమ్మాయితో ననగా, “డాలరును రూపాయిగా మార్చి ఏడవకు అమ్మా,” అని నవ్వినది. అయినను మరునాడు బడి కార్యాలయమునకు పోయి అడిగినది. అక్కడి గుమాస్తా సౌమ్యురాలు. చెక్కు వ్రాసి, కవరుపై పిల్లవాని పేరును, అంకెను వేసి పంపినచో రుసుము లేదనియు, నిరుడు మిగిలిన సొమ్ము పోదనియు, ఊరు మారినచో తిరిగి యిత్తురనియు చెప్పినది. రెండేండ్లనుండి ఎవ్వరును చెప్పలేదేమని అడుగగా, ఎవ్వరును అడుగలేదన్నదట.

అమెరికాలో కూతుండ్రు, కోడండ్రు ఉన్న తల్లులు ఈ సంగతి వారి చెవిని వేయుడు. తగ్గింపు భోజనమునకు ఏటేట క్రొత్తగా దరఖాస్తు పెట్టవలెను. దానికి ఆ దేశపు పౌరులై యుండ నక్కరలేదు. ఖాతా తక్కువైనపుడు దానంతట అదియే చిన్నమొత్తములను లాగుకొను నేర్పాటు చేసియున్నచో తీసివేయమనుడు. మా అమ్మాయి నిరుడు వేరొక యూరికి మారినది. పాతఖాతాలో 11 డాలర్లు మిగిలియుండగా జాబు వ్రాసినది. మూడువారములకు చెక్కు వచ్చినది. దానినుండి ఏమియు తరుగలేదు.