నాయనమ్మ గుప్పెడు బియ్యం

యాన్బులో ఆదివారం పనిరోజు. 2013కు ముందు గురు, శుక్రవారాలు సెలవు, ఆ తర్వాత శుక్ర, శనివారాలు. ఎప్పుడు చూసినా ఆదివారం డ్యూటీయే. మా నాయనమ్మ పోయిన కబురు కూడా ఆదివారమే వచ్చింది. పొద్దున ఆరున్నరకు ప్లాంటు గేటు దగ్గర బస్సు దిగుతుంటే ఫోను మోగింది. అక్కడ తొమ్మిది, చర్చి గంట కొట్టే వేళ. మట్టి అయ్యాక తమ్ముడు మళ్ళీ చేశాడు. "అన్నా, రాయి మీద ఏ పేరు చెక్కించమంటావు?" అనడిగాడు. ఏం చెప్పాలో తోచలేదు.

మా పిల్లలు పుట్టింది, పెరిగింది ఈ ఎడారి పట్నంలో. "నాయనమ్మ బైబిలు స్త్రీ అంటావుగా, అంటే ఏంటి నాన్నా?" అని వాళ్ళు అడిగిన ప్రశ్నకు జవాబుగా ఇది రాస్తున్నాను. మనలో చాలామంది ఇళ్ళలో ఇలాంటి ముసలమ్మ ఒకరు ఉండే ఉంటారు.

మాది కనిగిరి వైపు మాదిగపల్లె. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో సుమారు మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి చూపించాడు. గంజి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు పనులు సాగినన్నాళ్ళు బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. చరిత్ర పుస్తకాలు ఆ అంకెను చెప్పి ఊరుకుంటాయి. ఆ తర్వాత పల్లెల్లో సంఘాలను నిలబెట్టిన ఆడవాళ్ళ పేర్లు మాత్రం అరుదుగా కనిపిస్తాయి.

మగ బోధకుడు పరాయి ఇంటి వంటగది దాకా పోలేడు. అందుకని మిషన్లు బైబిలు స్త్రీలను పెట్టుకున్నాయి. కొద్దిపాటి జీతం, చేతిలో సంచి, అందులో సువార్త పుస్తకం, పాటల పుస్తకం. ఇల్లిల్లూ తిరగడం, చదవడం రాని ఆడవాళ్ళకు పాటలు నోటికి నేర్పడం, జబ్బు చేసినవాళ్ళ దగ్గర కూర్చోవడం, ఇదీ వాళ్ళ పని. నాయనమ్మ అక్షరాలు నేర్చుకుంది పెళ్ళయ్యాకే, అయ్యగారి భార్య దగ్గర. పగలు మిరప కోతలు, పొద్దుగూకితే లాంతరు దగ్గర పలక. ఆమె దగ్గర సంతకం నేర్చుకున్న ఆడవాళ్ళు వేలిముద్ర వేయడం మానేశారు. కూలి లెక్క తేడా వస్తే ఆసామిని అడగడం మొదలుపెట్టారు. దానికి ఆమె ఒక వేసవంతా పని దొరక్క కూర్చుంది.

అన్నం వండబోయేముందు గుప్పెడు బియ్యం తీసి విడిగా కుండలో పోసేది. ఆదివారం ఆ కుండ గుడికి పోయేది. పల్లెలో ప్రతి ఇల్లూ అంతే. అయ్యగారికి జీతం, బాలింతకు గంజి, చావు ఇంటికి కూడు అన్నీ అందులోంచే. లేనివాళ్ళు లేనివాళ్ళ కోసం నడుపుకున్న బ్యాంకు అది.

ఇలాంటిదే ఇంకో చోట చూశాను, పుస్తకాల్లో. అమెరికాలో మిసిసిపీ పత్తి చేలల్లో పనిచేసిన నల్లజాతి స్త్రీ ఫానీ లూ హేమర్. కౌలు కూలీల ఇంట ఇరవైమంది పిల్లల్లో చివరిది. 1962 ఆగస్టులో రూల్‌విల్ అనే చిన్న ఊళ్ళోని బాప్టిస్టు చర్చిలో జరిగిన సభలో, తమకూ ఓటు వేసే హక్కు ఉందని విన్నది. నమోదుకు వెళ్ళివచ్చిన రోజే భూస్వామి ఆమెను వెళ్ళగొట్టాడు. ఆమెకు బలం చర్చి పాటలే. హేమర్ పేరు దేశమంతా తెలిసింది. మా నాయనమ్మ పేరు మా పల్లె దాటలేదు.

ఈ రెండు లోకాలకూ ఒక సన్నని దారం ఉంది. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషన్‌బుష్ మాదిగల కథలు సేకరించి 1899లో పుస్తకం వేసింది. ఆమె తమ్ముడు వాల్టర్ 1907లో రాసిన పుస్తకం తన ఆలోచన మీద చెరగని ముద్ర వేసిందని మార్టిన్ లూథర్ కింగ్ చెప్పుకున్నాడు.

ఇక రాయి సంగతి. చర్చి రిజిస్టరులో నాయనమ్మకు ఒక పేరు, రేషను కార్డులో ఇంకొకటి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు, క్రైస్తవులకు లేదు. మతం మారిన మాల మాదిగలు మన రాష్ట్రాల్లో బీసీ-సి కింద, ఒక్క శాతం రిజర్వేషనులో ఉంటారు. పల్లెలో వాళ్ళు అనుభవించే అంటరానితనం మాత్రం శాతాల్లో తగ్గలేదు. అందుకే కాగితం మీద ఒక పేరు, మనసులో ఒక పేరు. తమ్ముడి భయం వాడి కొడుకు కుల సర్టిఫికెట్టు గురించి. వాణ్ణి తప్పుపట్టలేను.

1854 జనవరి ఒకటిన ఒంగోలు కొండ మీద తొలి ప్రార్థన చేసిన అయిదుగురిలో నెల్లూరు జూలియా ఉంది.  మన మనిషికి పరాయి పేరు అప్పటినుంచీ ఉన్నదేనన్నమాట.

రాయి రెండేళ్ళు ఖాళీగానే ఉంది. కిందటిసారి సెలవులో వెళ్ళినప్పుడు అన్నదమ్ములం కూర్చుని తేల్చుకున్నాం. రెండు పేర్లూ చెక్కించాం, కింద "బైబిలు స్త్రీ" అని. ఇప్పుడు యాన్బులో మా వంటింట్లో ఒక పాల డబ్బా ఉంది. బియ్యం కడిగేముందు మా అమ్మాయి గుప్పెడు తీసి అందులో పోస్తుంది. ఎవరికని అడగదు. దానికి తెలుసు.