కారు ఇంజినుకు బైకు ఊపిరి
పికప్ సరే.. బ్రేకు, రిజిస్ట్రేషను మాటేమిటి?

ప్రమాదంలో నుజ్జయిన స్పోర్ట్స్ బైకు నుంచి విప్పిన నాలుగు థ్రాటిల్ బాడీలు కారు ఇంజినుకు పనికొస్తాయా? భేషుగ్గా పనికొస్తాయంటారు ఇంగ్లండులోని ఔత్సాహికులు. 1957లో వచ్చిన లోటస్ సెవెన్‌ను పోలిన తేలికపాటి కార్లను ఇంటి వెనుక షెడ్లలో సొంతంగా తయారు చేసుకోవడం అక్కడ చాలామందికి వ్యాపకం. కొత్త రేసింగ్ విడిభాగాలు కొనే స్తోమత లేనివారు పాత బైకుల సామగ్రిని ఆశ్రయించారు. ఇంటర్నెట్‌లో ఆ పని చూసి ముచ్చటపడే మన యువకులు, మెకానిక్‌లు ముందుగా తెలుసుకోవాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి.

లెక్క ఎలా కుదిరింది?
యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ఇంజినులోకి గాలిని వదిలే తలుపే థ్రాటిల్ బాడీ. గొట్టం మధ్య గుండ్రటి పలక ఒకటి తిరుగుతూ దారిని తెరుస్తుంది, మూస్తుంది. సాధారణ కారులో నాలుగు సిలిండర్లకూ కలిపి ఒకటే తలుపు. దాన్ని దాటిన గాలి ఒక పెట్టెలాంటి భాగంలోకి చేరి, అక్కడి నుంచి నాలుగు దారులుగా విడిపోతుంది. నాలుగు సిలిండర్ల స్పోర్ట్స్ బైకుల్లో మాత్రం ఒక్కో సిలిండరుకు ఒక్కో తలుపు ఉంటుంది. అదీ సిలిండరుకు దగ్గరగా ఉంటుంది. అందుకే మణికట్టు కదిలిన మరుక్షణమే బండి ఉరుకుతుంది.

వెయ్యి సీసీల బైకు ఇంజిను నిమిషానికి 12 వేల చుట్లు తిరుగుతుందనుకుందాం. రెండు వేల సీసీల కారు ఇంజిను 6 వేల చుట్లు తిరుగుతుందనుకుందాం. పరిమాణం రెట్టింపు, వేగం సగం. అంటే రెండూ పీల్చే గాలి దాదాపు సమానమే. చిన్న బైకు భాగం పెద్ద కారుకు సరిపోవడంలోని కిటుకు ఇదే.

బిగించడం ఒక ఎత్తు..
బైకు సిలిండర్ల మధ్య దూరం, కారు సిలిండర్ల మధ్య దూరం సాధారణంగా ఒకటి కావు. కాబట్టి బాడీలను విడదీసి దూరం జరపాలి, లేదా వంపు తిరిగిన గొట్టాలతో ప్రత్యేక మ్యానిఫోల్డు చేయించాలి. ఆ గొట్టాల అతుకుల్లో వెంట్రుకవాసి సందున్నా లెక్కకు అందని గాలి లోపలికి చొరబడుతుంది. ఇక నాలుగు పలకలూ ఒకేసారి, ఒకే మేర తెరుచుకోవాలి. వ్యాక్యూమ్ గేజీలతో వాటిని సమం చేయకపోతే ఇంజిను ఐడిలింగ్‌లో వణుకుతూనే ఉంటుంది.

ట్యూనింగ్ మరో ఎత్తు
చాలా మంది బోల్తా పడేది ఇక్కడే. గాలిపెట్టెలోని పీడనాన్నో, లోపలికి వచ్చే గాలి పరిమాణాన్నో చూసి ఎంత పెట్రోలు చిమ్మాలో కారు కంప్యూటరు నిర్ణయిస్తుంది. ఆ పెట్టెనే తీసేస్తే పీడనం రీడింగు నిలకడ లేకుండా ఎగిరెగిరి పడుతుంది. అందుకే థ్రాటిల్ ఎంత తెరుచుకుంది, ఇంజిను ఎన్ని చుట్లు తిరుగుతోంది అనే రెండు అంశాల ఆధారంగా పనిచేసే వేరే కంప్యూటరును అమర్చాలి. దాని పట్టికలను డైనో యంత్రంపై గడిగడికీ సరిచూడాలి. బైకు సామాను చౌకగా దొరికినా అసలు ఖర్చంతా ఇక్కడే. ఈ పని ఎగ్గొట్టి పెట్రోలు తక్కువ అందేలా వదిలేస్తే, పూర్తి లోడులో వేడి పెరిగి పిస్టన్లు కరిగిపోయే ప్రమాదం ఉంది.

అంతకన్నా పెద్ద ముప్పు బ్రేకులది. పెట్రోలు కారులో బ్రేకు పెడలును తేలిక చేసే బూస్టరు సాధారణంగా ఆ గాలిపెట్టెలోని వ్యాక్యూమ్‌తోనే పనిచేస్తుంది. పెట్టె పోతే ఆ ఆధారమూ పోతుంది. నాలుగు గొట్టాల నుంచీ చిన్న పైపులు తీసి ఒకచోట కలిపి, మధ్యలో వన్‌వే వాల్వు పెట్టాలి. లేదంటే పెడలు రాయిలా బిగుసుకుంటుంది. వేగం పెంచే ఉత్సాహంలో ఆగే సంగతి మరవడం ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు.

మరి లాభమెంత? యాక్సిలరేటర్‌కు ఇంజిను చురుగ్గా స్పందిస్తుంది, శబ్దం గంభీరమవుతుంది. గరిష్ఠ శక్తి మాత్రం క్యామ్‌షాఫ్టు, ఎగ్జాస్టు కూడా మార్చినప్పుడే చెప్పుకోదగ్గంత పెరుగుతుంది. తక్కువ చుట్ల వద్ద లాగే బలం తగ్గవచ్చు కూడా. ఫిల్టరు లేకుండా తెరిచిన గొట్టాలు ఫొటోల్లో అందంగానే ఉంటాయి. మన మట్టిరోడ్ల దుమ్ము నేరుగా లోపలికి వెళ్తే సిలిండరు గోడలు అరిగిపోతాయి.

చట్టం ఏమంటోంది?
బ్రిటన్‌లో సొంతంగా తయారు చేసిన కారును ప్రత్యేక పరీక్షకు పెట్టి, నెగ్గితే రోడ్డెక్కించవచ్చు. మన దగ్గర ఆ వెసులుబాటు లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన మూల వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అదే ఏడాది చేసిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి రూ.5 వేల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించే వీలు కలిగింది. ప్రమాదం జరిగితే బీమా సంస్థ పరిహారంపై అభ్యంతరం లేవనెత్తవచ్చు.

రేసు ట్రాకులపై మాత్రమే తిప్పే వాహనాల సంగతి వేరు. అయితే ఇంజినీరింగ్ విద్యార్థులు బైకు ఇంజిన్లతో కార్లు రూపొందించే సుప్రా పోటీల్లో ఈ చిట్కాకు పెద్దగా తావు లేదు. పెట్రోలు ఇంజినులోకి వెళ్లే గాలంతా 20 మిల్లీమీటర్ల ఒకే ఒక్క రంధ్రం గుండా పోవాలన్నది అక్కడి నిబంధన. నాలుగు తలుపులు తెరిచినా గుమ్మం ఒకటే.