ఒక్కసారి చూస్తే చాలా?

పరీక్షలు దగ్గర పడ్డాయంటే చాలు, పేజీ చూడగానే ఫొటోలా మనసులో పడిపోయే విద్య నేర్పుతామంటూ ఊరూరా ఫ్లెక్సీలు వెలుస్తాయి. ఫీజు కట్టబోయే అమ్మానాన్నలు ఒక మాట తెలుసుకోవాలి. అలాంటి జ్ఞాపకం పెద్దవాళ్లలో ఉందని ఇంతవరకూ ఎవరూ గట్టిగా నిరూపించలేదు.

దాని దరిదాపుల్లోకి వచ్చిన ఉదాహరణ ఒకటుంది. 1970లో చార్లెస్ స్ట్రోమెయర్ అనే హార్వర్డ్ పరిశోధకుడు ఎలిజబెత్ అనే యువతికి పదివేల చుక్కల బొమ్మను ఒక కంటితో చూడమని ఇచ్చాడు. మర్నాడు మరో చుక్కల బొమ్మను రెండో కంటితో చూడమన్నాడు. రెండూ కలిస్తేనే తేలే ఆకారాన్ని ఆమె చెప్పేసింది. ‘నేచర్’ పత్రిక దాన్ని అచ్చు వేసింది. కానీ ఆమెను మళ్లీ ఎవరూ పరీక్షించలేదు. తర్వాత జాన్ మెరిట్ అనే పరిశోధకుడు అలాంటి చుక్కల బొమ్మల్నే పత్రికల్లో వేయించి, ప్రయత్నించి చూడమని పాఠకులను పిలిచాడు. ఎదురుగా కూర్చోబెట్టి పరీక్షిస్తే ఒక్కరూ నెగ్గలేదు.

మరి మన శతావధానుల సంగతేమిటి? తిరుపతి వేంకట కవులు సంస్థానాల్లోనూ ఊళ్లలోనూ ప్రదర్శించి జనంలోకి తెచ్చిన విద్య శతావధానం. నూరుగురు పృచ్ఛకులు వరసగా అడుగుతుంటే మొదటి ఆవృత్తిలో ఒక్కొక్కరికి ఒక్కో పాదమే చెబుతారు. నాలుగు ఆవృత్తులు తిరిగితేగానీ పద్యాలు పూర్తికావు. చివర ధారణలో అన్నిటినీ వరసగా అప్పజెప్పాలి. చేతిలో కాగితం ఉండదు, కలం ఉండదు.

ఆ ధారణ వెనక ఛందస్సు బలం ఉంది. ఉత్పలమాలనే తీసుకోండి. పాదానికి 20 అక్షరాలు, గురులఘువుల నడక ముందే ఖాయం. మొదటి పాదంలో రెండో అక్షరం గుర్తుంటే మిగతా మూడు పాదాల ప్రాస దొరికినట్టే. పదో అక్షరం మొదటి అక్షరంతో యతి కలవాలి. ఒక మాట జారినా ఆ ఖాళీలో ఏ మాట ఇముడుతుందో పద్యమే చెబుతుంది. పైగా అవధాని ఆ పాదాలను ఎక్కడో చూసి గుర్తుపెట్టుకోలేదు, తానే అల్లాడు. చిన్ననాటి నుంచి వేల పద్యాలు నోట నానితేగానీ ఆ పట్టు రాదు. ఈ సాధననంతా పక్కనపెట్టి అది పుట్టుకతో వచ్చిన వరమని తేల్చేయడం ఆ పండితులకు అన్యాయం చేయడమే.

అంకెల్లోనూ ఇదే కథ. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఒక మామూలు విద్యార్థి మొదట 7 అంకెలే తిరిగి చెప్పగలిగాడు. దాదాపు 230 గంటల సాధన తర్వాత 79 అంకెలకు చేరాడు. అతను పరుగు పోటీల మనిషి. 3492 వినగానే మైలు పరుగులో 3 నిమిషాల 49.2 సెకన్లుగా మలచుకునేవాడు. అంకెల బదులు అక్షరాలు ఇచ్చేసరికి మళ్లీ ఆరు దగ్గరే ఆగిపోయాడు. పెరిగింది అంకెల మీద పట్టు ఒక్కటే.

కాబట్టి నేర్చుకోవడం సాధ్యమే, కానీ ఏ విద్యకు ఆ విద్యలోనే సాధన చేయాలి. పదో తరగతి పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే: పాఠం చదివాక పుస్తకం మూసి, గుర్తున్నంతా సొంత మాటల్లో రాయండి, ఆ తర్వాతే తెరిచి సరిచూసుకోండి. 2006లో రోడిగర్, కార్పికె అనే పరిశోధకులు ఇలాగే పరీక్షించి చూశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే మాత్రం, చూడకుండా గుర్తుచేసుకుని రాసినవాళ్లే ఎక్కువ చెప్పగలిగారు.