ముందు చక్రములు ఎందుకు లాగవు?

మంచు నిండిన దారిలో పాత పికప్ ట్రక్కు ఒకటి కూరుకొనిపోయినదనుకొందము. డ్రైవరు నాలుగు చక్రములకును శక్తి నిచ్చు లీవరును లాగినాడు. వెనుక చక్రములు గిరగిర తిరిగినవి, ముందువి కదలలేదు. గేర్లు అరిగిపోయినవేమో యని ఆతడు భయపడును. గేర్లపెట్టె విప్పించినచో ఖర్చు మెండు. కాని లోపము తరచుగా చిటికెనవ్రేలి లావైన లేని ఒక గొట్టములో నుండును.

ఇది యెట్లు జరుగునో తెలియుటకు అమెరికాలో 1994 నుండి 2001 వరకు వచ్చిన డాడ్జ్ రామ్ 1500 ట్రక్కును తీసికొందము. మామూలుగా దీని వెనుక చక్రములే బండిని నెట్టును. లీవరు లాగినపుడు రెండు పనులు జరుగవలెను. మొదటిది, ట్రాన్స్‌ఫర్ కేసు అను గేర్లపెట్టె ముందు ఇరుసునకు పోవు పొడవైన షాఫ్టును ఇంజనుతో కలుపవలెను. రెండవది, ముందు ఇరుసులో రెండు తునకలుగా నున్న కుడివైపు కడ్డీని పండ్లుగల ఒక తొడుగు జరిగి ఒకటిగా చేయవలెను. మామూలు దారిలో ముందు షాఫ్టు ఊరక తిరుగకుండుటకే దీనిని రెండు తునకలు చేసిరి.

తొడుగు జరుగనిచో కుడి చక్రము తిరుగదు, సరే. ఎడమ చక్రమైనను తిరుగవలదా? తిరుగదు. ఇరుసు మధ్యనున్న డిఫరెన్షియల్ గేర్లు బలమును రెండు ప్రక్కలకు సమముగా పంచును. ఒక ప్రక్క ఎదురేమియు లేనిచో అచ్చటి బలము దాదాపు సున్న. కావున రెండవ ప్రక్కకును సున్నయే. వచ్చిన తిరుగుడంతయు విడిపోయిన తునకను వృథాగా త్రిప్పుటకే సరిపోవును.

ఇక ఈ తొడుగును జరుపునది గాలి. పెట్రోలు ఇంజను మెల్లగా తిరుగునపుడు, అది గాలి పీల్చుకొను మార్గములో సుమారు 50 సెంటీమీటర్ల పాదరసమునకు సమానమైన శూన్యత ఏర్పడును. ఆ శూన్యత సన్నని గొట్టములగుండ, ట్రాన్స్‌ఫర్ కేసుపై నున్న చిన్న కవాటమును దాటి, ఇరుసు మీది రేకు డబ్బాను చేరును. డబ్బాలో రబ్బరు పొర యున్నది. పొరకు ఒకవైపు శూన్యత, మరియొకవైపు వాతావరణము. నిజమునకు శూన్యత లాగుటలేదు. బయటి గాలియే నెట్టుచున్నది. పొర వ్యాసము 8 సెంటీమీటర్లనుకొన్నచో ఆ నెట్టు 34 కిలోగ్రాముల బరువుతో సమానము. గొట్టము చిట్లి శూన్యత 10 సెంటీమీటర్లకు పడిపోయినచో 7 కిలోగ్రాములే మిగులును. తొడుగు కదలదు. (డీసెలు ఇంజనులో ఇట్టి శూన్యత ఏర్పడదు, కనుక ఆ బండ్లకు వేరే పంపు నమర్చిరి.)

కావున పరీక్ష వరుసగా జరుగవలెను. బండిని చదునైన నేలపై నిలిపి, చేతిబ్రేకు వేసి, చక్రములకు అడ్డుకట్టెలు పెట్టవలెను.

మొదట దీపము చూడవలెను. డ్రైవరు ఎదుటి సూచక దీపము తొడుగు జరిగినపుడే వెలుగును. పండ్లు ఎదురెదురుగా కుదరక కొంత ఆలస్యము కావచ్చును. బండిని కొద్దిగా ముందు వెనుకలకు కదల్చిన కుదురును. దీపము వెలుగకున్నను ముందు చక్రములు లాగినచో లోపము దీపముదో, దాని తీగదో.

రెండవది, దీపము వెలుగక చక్రములును లాగనిచో, ఇంజను ఆపి, గేరును పార్కులో, లీవరును నాలుగు చక్రముల స్థానములో నుంచి, ముందు షాఫ్టును చేతితో త్రిప్పి చూడవలెను. తిరిగినచో తప్పు ట్రాన్స్‌ఫర్ కేసులోనో లీవరు కడ్డీలలోనో యున్నది. బిగిసి నిలిచినచో ఆ పెట్టె నిర్దోషి.

మూడవది, అపుడు ఇరుసు మీది గొట్టములను ఊడదీసి, ఇంజను నడుచుచుండగా శూన్యతామాపకమును తగిలింపవలెను. శూన్యత వచ్చుచున్నచో డబ్బా పొర చిరిగినది, లేదా తొడుగు పట్టుకొనిపోయినది. రానిచో కవాటము వరకు, అచ్చటినుండి ఇంజను వరకు వెనుకకు వెదకుచు పోవలెను. వేడికి ఎండి పగిలిన రబ్బరు మూతులు, పొగగొట్టము తగిలి కరగిన చోట్లు కనబడును. గొట్టములో నూనె యున్నచో కవాటము లోపలి ముద్ర పాడైనదని అనుమానింపవలెను.

ఇంకొక మాట. ఎండిన గట్టి రోడ్డుపై ఈ లీవరును లాగరాదు. మలుపులో ముందు, వెనుక చక్రములు వేర్వేరు దూరములు పోవును. ఆ తేడా తీరు దారి లేక ఇరుసులు బిగిసికొని, తొడుగు విడివడనని మొరాయించును.

పెద్ద యంత్రమున చిన్న భాగమునే ముందు శంకింపవలెను. ఆ పరీక్షయు మంచు పడిన నాడు కాదు, పడకమునుపే చేయవలెను.