బేర్న్ అంటే బిడ్డ

ఇంగ్లీషు రైతు ఒకడు, "మా బార్న్ నిండా గడ్డే" అన్నాడనుకోండి. అందులో వింతేమీ లేదు. ఇంగ్లీషులో బార్న్ అంటే ధాన్యమూ, గడ్డీ దాచే కొట్టు. కాని స్వీడన్ రైతు, "మా బార్న్ బడికి వెళ్ళింది" అంటే మీరు తెల్లబోతారు. కొట్టు బడికి వెళ్ళటమేమిటి?

స్వీడిష్ భాషలో బార్న్ అంటే బిడ్డ! నార్వేలోనూ, డెన్మార్కులోనూ అంతే. పలకటంలో కొంచెం తేడా. స్వీడన్‌లో మనమణ్ణయినా మనమరాలినైనా "బార్న్‌బార్న్" అంటారు. అంటే బిడ్డకు బిడ్డ. మునిమనమడు "బార్న్‌బార్న్స్‌బార్న్". ఆ తరవాతివాణ్ణి పిలవాలంటే అవ్వకు ఆయాసం వస్తుందేమో!

మరి కొట్టూ, బిడ్డా ఒకే మాట ఎట్లా అయినవి? కాలేదు. కొట్టు అనే బార్న్, "బార్లీ ఇల్లు" అనే అర్థంగల రెండు పాత ఇంగ్లీషు మాటలు కలిసి అరిగిపోగా మిగిలినది. బిడ్డ పుట్టుక వేరు. పాత ఇంగ్లీషులో "బెరన్" అంటే మోయటం. దాని చుట్టమే "బెఅర్న్", అనగా తల్లి మోసి కన్నది. మన అమ్మలు కోపం వచ్చినప్పుడు, "నవమాసాలూ మోసి కన్నాను గదరా!" అంటారే, ఆ మాటంతా ఇందులో ఇమిడి ఉన్నది.

ఇంగ్లీషు, జర్మన్, స్వీడిష్ మొదలైనవన్నీ ఒక తల్లి పిల్లలు. వాటిని జర్మానిక్ భాషలంటారు. 4వ శతాబ్దంలో వుల్ఫిలా అనే మతగురువు బైబిలును గోతిక్ అనే జర్మానిక్ భాషలోకి మార్చాడు. అందులోనూ బిడ్డ "బార్న్" అనే ఉన్నది. తరవాత జర్మనులు ఈ మాటను పోగొట్టుకుని "కిండ్" ఉంచుకున్నారు. దక్షిణ ఇంగ్లండులో "చైల్డ్" దీన్ని గెంటివేసింది. ఉత్తర ఇంగ్లండులోనూ, స్కాట్లండులోనూ మాత్రం "బేర్న్" అనే రూపంలో బతికింది. 8వ శతాబ్దం చివరనుంచి ఆ తీరాలకు వచ్చిన వైకింగులు తమ "బార్న్"ను వెంట తెచ్చారు. పాత మాటకు ఆ తోడు బలమిచ్చి ఉంటుంది.

అయినా దానికి మర్యాద దక్కలేదు. స్కాట్లండు బడులలో పిల్లలు ఇంటి మాట మాట్లాడితే, అది చెడిపోయిన ఇంగ్లీషని 20వ శతాబ్దంలో కూడా పంతుళ్ళు దండించేవారు. వెయ్యేళ్ళనాటి మాట పలికినందుకు పాపం దెబ్బలు! 2025లో స్కాట్లండు పార్లమెంటు ఆ స్కాట్స్ భాషకు అధికార హోదా ఇస్తూ చట్టం చేసింది.

స్నోవైట్ కథ చదివారు గదా? దాన్ని తమ్ముడితో కలిసి సేకరించిన యాకబ్ గ్రిమ్ గొప్ప భాషా పండితుడు కూడా. జర్మానిక్ భాషలలో "బ" ఉన్నచోట సంస్కృతంలో "భ" ఉంటుందని ఆయన 1822లో చూపాడు. వారి "బ్రదర్", సంస్కృతంలో "భ్రాత". అట్లాగే "బెరన్"కు జోడు "భరతి", అంటే మోస్తున్నాడని. మీ పుస్తకాల సంచీ "భారం" ఆ ధాతువునుంచే మనకు వచ్చింది. మన "బిడ్డ"కు మాత్రం "బేర్న్"తో చుట్టరికం లేదు. రెండూ "బ"తో మొదలు కావటం కాకతాళీయమే.

స్కాట్లండులో ఫాల్కిర్క్ అనే ఊరున్నది. అక్కడ పుట్టినవాణ్ణి తొంభై ఏళ్ళు వచ్చినా "బేర్న్" అనే అంటారు. ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టు ముద్దుపేరు కూడా అదే: గడ్డాలు, మీసాలు ఉన్న "బేర్నులు"!