ఐరన్ తీసే మందు: దేనికి ఓర్చుకోవాలి, దేనికి ఆపాలి

తలసీమియా మేజర్ ఉన్న బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. వెంకటమ్మనహళ్లి లాంటి ఊళ్లో అలాంటి బిడ్డ ఉన్న ఇంటికి ఆ ప్రయాణమే పెద్ద భారం. పావగడలో కాకపోతే తుమకూరు, లేదంటే గడి దాటి హిందూపురం, అక్కడా కాకపోతే బెంగళూరు. ఇంత కష్టపడి రక్తం ఎక్కించి తెచ్చాక, ఇంట్లో వేయాల్సిన ఐరన్ తీసే మందు దగ్గర చాలామంది తడబడతారు. వాంతి అయిందనో, మూత్రం ఎర్రగా వచ్చిందనో సొంతంగా మానేస్తారు. నిజంగా ఆపాల్సిన రోజున మాత్రం డోసు తప్పకూడదని వేస్తూనే ఉంటారు. రెండోది మరీ ప్రమాదం.

ఒక్కో యూనిట్ రక్తంతో సుమారు 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము ఒంట్లోకి చేరుతుంది. మన శరీరం తనంతట తాను రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములకు మించి బయటికి పంపలేదు. మిగిలినది గుండెలో, కాలేయంలో, గ్రంథుల్లో పేరుకుంటుంది. అందుకే కీలేషన్ మందులు. మానేస్తే వెంటనే ఏమీ కనబడదు. ఏళ్ల తర్వాత గుండె దెబ్బతిన్నప్పుడు తెలుస్తుంది.

మన దగ్గర ఎక్కువగా రాసేది డెఫెరాసిరాక్స్ మాత్ర. కడుపులో తిప్పడం, విరేచనాలు, ఒంటిమీద దద్దు మొదట్లో చాలామందికి వస్తాయి. కొంచెంగా ఉంటే తగ్గిపోతాయి, తగ్గకపోతే డాక్టర్ డోసు మారుస్తారు. అసలు జాగ్రత్త కిడ్నీ, కాలేయం విషయంలో. నెలనెలా క్రియాటినిన్, కాలేయ పరీక్షలు రాసేది అందుకే. రక్తం ఎక్కించే రోజే ఆ శాంపిల్ కూడా ఇచ్చేస్తే ఇంకో ప్రయాణం తప్పుతుంది.

సోలార్ పార్కు పెట్టేంత ఎండ మన తాలూకాది. ఆ ఎండలో బిడ్డకు వాంతులు, విరేచనాలు పట్టుకుని నీళ్లు కూడా నిలవకపోతే డెఫెరాసిరాక్స్ ఆపి, వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేయాలి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఈ మందు కిడ్నీని దెబ్బతీయగలదు. ఒళ్లు నొప్పులకని అంగట్లో దొరికే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు దీనితో కలిపి వేయకండి. కడుపులో రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరుగుతుంది. మలం నల్లగా తారులా వస్తే అదే గుర్తు.

రెండో మందు డెఫెరిప్రోన్. దీనికి ప్రపంచంలో మొదట అనుమతి ఇచ్చింది మన దేశమే, 1994లో. అమెరికా 2011 దాకా ఇవ్వలేదు. దీన్ని వాడేవారికి మూత్రం ఎర్రగా, గోధుమ రంగుగా వస్తుంది. భయపడొద్దు, అది ఇనుము బయటికి పోతున్న రంగు. కీళ్ల నొప్పులు, వాపు రావచ్చు. వస్తే డాక్టర్‌కు చెప్పాలి.

అయితే డెఫెరిప్రోన్ వాడే బిడ్డకు జ్వరం వచ్చినా, గొంతు నొప్పి వచ్చినా మామూలు జ్వరం అనుకోకండి. నూటికి ఒకరిద్దరిలో ఈ మందు తెల్ల రక్తకణాలను దాదాపు లేకుండా చేస్తుంది. అప్పుడు చిన్న ఇన్ఫెక్షన్ కూడా ప్రాణం మీదికి తెస్తుంది. మాత్ర ఆపాలి, అదే రోజు రక్తకణాల లెక్క చేయించాలి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర జ్వరం సూది వేయించి తెల్లారేదాకా చూద్దాం అనుకోవడం ఇక్కడ పనికిరాదు. మొదట్లో వారం వారం ఈ పరీక్ష చేయించమనేది ఇందుకే. వారానికోసారి ల్యాబుకు వెళ్లడం మన ఊళ్లకు ఎంత కష్టమో తెలుసు. కుదరదంటే మందు మొదలుపెట్టక ముందే ఆ మాట డాక్టర్‌తో చెప్పండి, వేరే మందు ఆలోచిస్తారు.

పంపుతో చర్మం కింద రాత్రంతా ఎక్కించే డెస్ఫెరియాక్సమిన్ పాత మందు. సూది గుచ్చిన చోట గట్టిపడుతుంది. డోసు ఎక్కువైతే వినికిడి, చూపు, పిల్లల ఎదుగుదల దెబ్బతింటాయి. ఒంట్లో ఐరన్ బాగా తగ్గాక కూడా అదే డోసు నడిపితే ఈ నష్టం ఎక్కువ. ఫెరిటిన్ తగ్గిందని సంతోషించి ఊరుకోకుండా డోసు మార్చాలా అని అడగాలి. ఏడాదికోసారి కంటి, చెవి పరీక్షలు చేయించాలి. పంపు మీద ఉన్నవారికి జ్వరంతో కడుపునొప్పి, విరేచనాలు వస్తే అది కూడా ఆపి ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

ఇంకొక మాట. రక్తం తక్కువ ఉందని ఎవరో టానిక్ ఇస్తారు, బడిలో వారానికోసారి ఐరన్ మాత్ర పంచుతారు. ఇవి తలసీమియా మేజర్ బిడ్డకు వేయకూడదు. టీచర్‌కు, ఆశా కార్యకర్తకు ముందే చెప్పి పెట్టండి.

మనవాళ్ల ఫైలు బెంగళూరులో ఉంటుంది, జ్వరం వచ్చేది ఊళ్లో, పరుగెత్తేది హిందూపురానికి. అక్కడి డ్యూటీ డాక్టర్‌కు బిడ్డ ఏ మందు మీద ఉందో తెలియదు. మందు పేరు, డోసు, చివరి రక్తపరీక్ష తేదీ, చూసే డాక్టర్ ఫోన్ నంబర్ ఒక చీటీ మీద ఇంగ్లీషులో రాయించి, బిడ్డ సంచిలో ఒకటి, మీ ఆధార్ కార్డుతో ఒకటి పెట్టుకోండి.