భీమిలి గాలా... భాగ్యనగరం గోలా?

మూడు రోజుల సెలవు. చేతిలో పన్నెండు వేల రూపాయలు. వెళ్ళేది ముగ్గురు. మీరైతే ఎక్కడికెళతారు? సముద్రానికా, నగరానికా?

"ఇదీ ఒక ప్రశ్నేనా!" అనకండి. దీని మీద మా ఇంట్లో పది రోజులు అలకలు నడిచాయి. చివరికి తీర్పు చెప్పమని పంచాయితీ నా దగ్గరికొచ్చింది. పత్రికలకు రాసేవాడికి అన్నీ తెలుసని మా అక్క నమ్మకం. పాపం!

మాది చోడవరం. మొన్నటిదాకా విశాఖపట్నం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లా. జిల్లా మారింది గాని మా సెలవుల లెక్క మారలేదు. ఉదయం బస్సెక్కితే రెండు గంటల్లో విశాఖ సముద్రం. సాయంత్రం అనకాపల్లిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి హైదరాబాద్. 1974 నుంచి ఆ బండి మావైపు కుర్రకారును కలలతో సహా మోసుకెళుతూనే ఉంది. ఆ కలల్లో నాదీ ఒకటుండేది. ఆ సంగతి తర్వాత.

ముందు తగాదా ఏమిటో చెప్పనివ్వండి. మా మేనకోడలు డిగ్రీ పూర్తి చేసింది. హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. పై నెల ఒకటో తారీఖున చేరాలి. స్వయంభూ విఘ్నేశ్వరుడికి కొబ్బరికాయ కొట్టేశాం, ఊళ్ళో అందరికీ చెప్పేశాం. పిల్ల వెళ్ళిపోయేలోగా ముగ్గురం కలిసి ఎక్కడికైనా వెళ్ళొద్దామని అక్క చీటీ డబ్బు తీసింది. బావకి చెరకు పని, కదల్లేడు. తోడుకి నేను.

"హైదరాబాద్!" అంది పిల్ల.

"సముద్రం," అంది అక్క.

నాకు నవ్వొచ్చింది. "నువ్వెలాగూ అక్కడే ఉండబోతున్నావు కదే! ముప్పై ఏళ్ళు ఉండాల్సిన ఊరికి మూడు రోజుల సెలవుకి పరిగెత్తడమేటి?" అన్నాను.

పిల్ల ఇచ్చిన జవాబు నేను ఊహించలేదు. "అందుకే మావయ్యా. ఒకటో తారీఖు నుంచి నేను అక్కడ పనిమనిషిని. దానికి ముందు ఒక్కసారి చుట్టంలా చూడాలి కదా!"

ఏం చెబుతారు దీనికి? నా దగ్గర మాత్రం సమాధానం లేకపోయింది.

చుట్టంలా చూడ్డానికి హైదరాబాద్‌లో లేనిదేముంది చెప్పండి! 1591 నుంచి నిలబడి ఉన్న చార్మినార్, దాని పక్కనే లాడ్ బజారు గాజులు. గోల్కొండలో కింద దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే కొండ మీద బాలా హిస్సార్‌లో వినిపిస్తుంది. సాలార్‌జంగ్ మ్యూజియం ఒక పూటలో తెమిలేది కాదు (శుక్రవారం వెళ్ళకండి, మూసి ఉంటుంది). హుస్సేన్‌సాగర్ నడుమ బుద్ధుడు ఉన్నాడు. 1990లో తరలించేటప్పుడు నీళ్ళలో మునిగి, 1992 డిసెంబరులో గాని పీఠమెక్కలేకపోయాడు ఆయన!

ఇక సినిమా పిచ్చి ఉన్నవాళ్ళ సంగతి వేరే చెప్పాలా? 1976 నాటి అన్నపూర్ణా స్టూడియోస్ అక్కడే. 1996 నాటి రామోజీ ఫిల్మ్ సిటీ ఊరి బయట. టిక్కెట్టు కొనుక్కుంటే రోజంతా తిప్పి చూపిస్తారు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో దేవి, సంధ్య, సుదర్శన్. అక్కడ పెద్ద హీరో సినిమాకి మొదటి రోజు మొదటి ఆట చూడ్డం మా పిల్ల జీవితాశయాల్లో ఒకటి. ఆ ఈలల మధ్య డైలాగు ఒక్కటీ వినపడదు. వినపడకపోవడమే అక్కడి మజా!

కాని ఒక మాట నా అనుభవం మీద చెబుతాను, కోప్పడకండి. ఇరవై రెండేళ్ళప్పుడు నేను సినిమాలకు మాటలు రాస్తానని అదే గోదావరి ఎక్కాను. కృష్ణానగర్‌లో ఒక గదిలో నలుగురం. తొమ్మిది నెలలు. ఒక స్టూడియో గేటు ముందు టీ కొట్టు బెంచీ మీద నేను గడిపిన గంటలు కూడితే ఇంకో డిగ్రీ వచ్చేది. ఆ తొమ్మిది నెలల్లో నేను చూసిన తారలంతా కారు అద్దాల వెనకే. అవీ నల్లద్దాలు! గేటు ఎప్పుడు తెరుస్తారో, ఎప్పుడు మూస్తారో నాకు కంఠతా వచ్చింది గాని, ఆ గేటు లోపలేముందో ఇవాళ్టికీ తెలియదు. సినిమా చూడ్డానికి నగరం వెళితే మనకి దొరికేది గేటేనని అప్పట్నుంచీ నా అభిప్రాయం. తప్పయితే సరిదిద్దండి.

మరి సముద్రం? సముద్రానికి గేటు లేదు!

విశాఖ నుంచి భీమిలి దాకా పాతిక కిలోమీటర్ల బీచ్ రోడ్డు ఉంది చూశారూ, దాన్ని మించిన స్టూడియో ఇంకోటి ఉందా? ఓ పక్క కొండలు, ఓ పక్క అలలు. కైలాసగిరి దాటితే రుషికొండ, ఆ తర్వాత బౌద్ధుల నాటి తొట్లకొండ, ఇంకా పోతే ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్ళుగా గాలీ నీరూ కలిసి చెక్కిన ఆ దిబ్బల్ని భూగర్భ సర్వే వారు జాతీయ వారసత్వ స్థలంగా గుర్తించారు. మనవాళ్ళు అంతకు ముందే పాటల చిత్రీకరణ స్థలంగా గుర్తించేశారు! విశ్వనాథ్ గారి "శుభలేఖ" (1982) చూసినవాళ్ళకు ఆనాటి విశాఖ వేరే చూపించక్కర్లేదు.

అన్నిటికీ పెద్దక్కలాంటిది "మరో చరిత్ర". 1978. బాలచందర్ గారి దర్శకత్వం. తమిళ కుర్రాడు బాలుగా కమల్‌హాసన్, తెలుగమ్మాయి స్వప్నగా కొత్తమ్మాయి సరిత. రంగుల కాలంలో నలుపు తెలుపు చిత్రం. విశాఖ, భీమిలి పరిసరాల్లో తీశారు. మద్రాసు సఫైర్ థియేటర్లో తెలుగు చిత్రం తెలుగులోనే ఏడాదిన్నరకు పైగా ఆడిందంటే మాటలా! 1981లో అదే కథ హిందీలో "ఏక్ దూజే కే లియే" అయి దేశమంతా ఏడిపించింది.

ఇదంతా నేను పిల్లకి ఉపన్యాసంలా చెబుతుంటే, వంటింట్లోంచి అక్క తాపీగా అంది: "నాకా పేరెలగొచ్చిందనుకుంటున్నావేటే?"

అన్నట్టు, మా అక్క పేరు మీకు చెప్పలేదు కదూ! స్వప్న.

పెళ్ళయిన కొత్తలో మా అమ్మ, నాన్న అనకాపల్లి వెళ్ళి ఆ సినిమా చూసొచ్చారు. అమ్మ వారం రోజులు ఏడ్చిందట. రెండేళ్ళకి అక్క పుడితే, మా నాయనమ్మ అప్పలనర్సమ్మ అని పెడదామంటే ససేమిరా అందట. ఆ సంవత్సరాల్లో పుట్టిన స్వప్నలు మీ వీధిలో కూడా ఒకరిద్దరు ఉండే ఉంటారు, లెక్క చూసుకోండి.

"అయితే నువ్వు భీమిలి ఎన్నిసార్లెళ్ళావమ్మా?" అంది పిల్ల.

"నేనా? భీమిలా? ఒక్కసారీ లేదు."

"అదేటి! మరి సముద్రం?"

అక్క వేళ్ళు లెక్కపెట్టింది. నాలుగుసార్లు. నాలుగుసార్లూ ఎవరినో ఆసుపత్రిలో చూపించడానికి విశాఖ వెళ్ళి, పని అయ్యాక ఓ అరగంట బీచ్‌లో నిలబడ్డమే. నీళ్ళలో కాలు పెట్టేలోగా ఎవరో ఒకరు "చోడవరం బస్సుకి టైమైపోయింది" అనేవారట. నలభై అయిదేళ్ళ మనిషి. రెండు గంటల దూరంలో సముద్రం.

పిల్ల ఇంకేం మాట్లాడలేదు. కాసేపటికి లేచెళ్ళి రైలు టిక్కెట్ల కోసం రాసుకున్న కాగితం చింపేసింది. నా వాదన వల్ల కాదు సుమండీ! నా కృష్ణానగర్ కథ ఆ ఇంట్లో ఇప్పటికి వందోసారి.

అలా భీమిలి వెళ్ళాం. చిన్న లాడ్జిలో రెండు గదులు. డచ్చివాళ్ళ సమాధులు, లైటుహౌసు, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు... అన్నీ నడిచే తిరిగాం. మధ్యాహ్నం వంజరం వేపుడు, సాయంత్రం మురీ మిక్చరు. హైదరాబాద్‌లో ఒక్క రోజు ఆటోలకయ్యే డబ్బులో ఇక్కడ ముగ్గురం తిన్నాం. ఒక సాయంత్రం ఓ పాత గోడ మీద సుద్దముక్కతో రాసిన జంట పేర్లు చూసి అక్క ఒక్కొక్కటీ చదివింది. ఆ జంటల్లో ఎన్ని పెళ్ళిదాకా వెళ్ళాయో అని ఆవిడ బెంగ!

సముద్రానికి గేటు లేదన్నాను గాని, కాపలా లేదని కూడా చెప్పాలి. మనవైపు తీరంలో మోకాలి లోతు దాటితే నీరు లోపలికి లాగే చోట్లున్నాయి. 2022 జూలైలో పూడిమడక తీరంలో స్నానానికి దిగిన ఇంజనీరింగు విద్యార్థుల్ని కెరటాలు లాక్కుపోయిన సంగతి మా ప్రాంతంలో ఎవరూ మరిచిపోలేదు. మీలాంటి కుర్రాళ్ళే. సినిమాలో హీరో కెరటాల్లోకి దూకినప్పుడు పక్కన పడవలో ఈతగాళ్ళుంటారు. మీ పక్కన ఉండరు. ఎక్కడ దిగాలో అక్కడి బెస్తవాళ్ళని అడగండి. వద్దంటే వద్దంతే. మేమూ ఒకాయన్ని అడిగి, ఆయన చూపించిన చోటే, మోకాళ్ళ దాకే దిగాం.

హైదరాబాద్ మాటేమిటంటారా? పిల్ల మాట నాకు గుర్తుంది. ఒకటో తారీఖుకి రెండు రోజులు ముందే గోదావరికి టిక్కెట్లు తీశాను, దానికీ నాకూ. మిగిలిన చీటీ డబ్బు మూడు వేల పైచిలుకు అక్క పిల్ల చేతిలో పెట్టింది, లాడ్ బజారు గాజులకి. గది పక్కవాళ్ళకి ఇవ్వడానికి మాడుగుల హల్వా రెండు కిలోలు. రెండు రోజులు చుట్టంలా తిప్పుతాను. ఫిల్మ్ సిటీ కూడా, ఈసారి టిక్కెట్టు కొనుక్కుని! ఆ స్టూడియో గేటు ముందు టీ కొట్టు ఇంకా ఉంటే ఓ టీ తాగుతాం.

మూడో రోజు పొద్దున్న భీమిలిలో సామాన్లు సర్దేసి, చివరిసారి నీళ్ళ దగ్గరికెళ్ళాం. అక్క చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని నిలబడింది. పిల్ల పక్కనే చెయ్యి పట్టుకుని. రోడ్డు మీద విశాఖ బస్సు హారన్ వినిపించింది. అలవాటు కొద్దీ నేనే అరిచాను, "అక్కా, బస్సు!" అని.

అక్క వెనక్కి తిరగలేదు. "పోనీరా, ఇంకోటొస్తాది," అంది.

ఆ ఇంకోటి ముప్పావుగంట తర్వాత వచ్చింది. సీట్లు లేవు. విశాఖ దాకా నిలబడే వెళ్ళాం.